మూడు వేళ్ళు తక్కువ

ఆ సోమవారానికి ఫోను మోగక పందొమ్మిది రోజులయింది. వసంత కేలెండరు మీద గుర్తు పెట్టుకోలేదు. పెట్టుకుంటే అది నిజమైపోతుందేమోనని భయం. అయినా లెక్క ఆమెకు తెలుసు. పొద్దున లేచి పొయ్యి దగ్గరికి పోకముందే గూట్లో ఉన్న చిన్న ఫోను తీసి చూస్తుంది, చార్జి ఉందా, సిగ్నలు గీతలు ఉన్నాయా అని. అన్నీ ఉంటాయి. ఒకసారి భర్త ఫోను నుంచి తన నంబరుకు తనే చేసి చూసుకుంది. బాగానే మోగింది. ఆ మోతకు వెనక గదిలో మగ్గం చప్పుడు టక్కున ఆగిపోయింది. మగ్గం గుంటలో కూర్చున్న ఉరుకుందు కూడా ఆ ఫోను కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది. మళ్ళీ ఎప్పుడూ అట్లా చేయలేదు.

ఎమ్మిగనూరులో వాళ్ళ ఇంటికి ముందు గది అంగడి, వెనక గదిలో మూడు గుంట మగ్గాలు. దసరా వరకు మూడూ ఆడేవి. ఇప్పుడు ఉరుకుందుది ఒక్కటే ఆడుతోంది. మిగిలిన రెండింటి మీద వసంత భర్త తిప్పేస్వామి పాత దుప్పట్లు కప్పాడు. దుమ్ము పడకుండా కప్పానన్నాడు గాని, ఆ గదిలోకి పోయినప్పుడల్లా వసంత కళ్ళు వాటి మీద పడకుండా గోడ వారగా నడిచేది.

వాళ్ళు నేసేది మడి బట్టలు. పూజకూ తద్దినానికీ కట్టుకునే నూలు పంచెలు, తొమ్మిది గజాల చీరలు. ఈ బట్టకు కత్తెర తగలకూడదు, సూది తగలకూడదు. మనిషి పొట్టి అయితే మడిచి కుట్టుకోవడం కుదరదు, మగ్గం మీదే బట్ట వెడల్పు, పన్నా, తగ్గించాలి. అందుకే బేరం ఏదైనా మాటతోనే మొదలవ్వాలి. కట్టుకునేది ఎవరు, ఎత్తెంత, అంచు ఎంత వెడల్పు. వసంత ఈ మూడూ అడిగి, కొలతలు మాత్రం చీటీ మీద రాసి, మగ్గానికి గుచ్చేది. ఆదోని, మంత్రాలయం, రాయచూరు, బళ్ళారి వైపు ఉన్న వందల మంది ఆడవాళ్ళ ఎత్తులు ఆమెకు నోటికి వచ్చు. వాళ్ళ ముఖాలు మాత్రం ఎప్పుడూ చూసింది లేదు.

దసరాకు ముందు రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు తవ్వితే అంగడి ఫోను తీగ తెగింది. ఇరవై ఏళ్ళ నంబరు. తిప్పేస్వామి ఫోను ఆఫీసుకు తిరిగి తిరిగి విసిగిపోతే, ఆదోనిలో కంప్యూటర్ల పని చేసే అతని చెల్లెలి కొడుకు నాగేంద్ర వచ్చి, ఈ కాలంలో తీగ ఎందుకు మామా, లోకమంతా చూసేటట్టు వెబ్‌సైటు చేసిస్తా, మా మామ అంగడికి పైసా తీసుకోను అన్నాడు. అన్నమాట ప్రకారం నెలరోజులు కష్టపడి చేశాడు. విజయదశమి నాడు పెద్ద లాప్‌టాప్ తెచ్చి, కొబ్బరికాయ కొట్టించి చూపించాడు. తెర మీద తెల్లటి పోగులు గాలికి ఊగినట్టు ఊగుతూ వచ్చి, ఒకదానిలో ఒకటి అల్లుకుని, అంగడి పేరయ్యాయి. వీధిలో వాళ్ళంతా చూశారు. వసంతకు కూడా కళ్ళు చెమర్చాయి. ఆ రోజు నుంచి బట్టకు కట్టే చీటీ కూడా మారింది. ఇంతకుముందు దాని మీద ఫోను నంబరు ఉండేది. ఇప్పుడు చిన్న నలుపు తెలుపు గళ్ళ చదరం. ఫోను ఎదురుగా పెడితే నేరుగా వెబ్‌సైటే తెరుచుకుంటుంది.

ఆ నెలలో పదిహేను బేరాలు వచ్చాయి. తరువాతి నెల ఆరు. ఆ తరువాత వచ్చిన రెండూ ఊళ్ళోవాళ్ళవే, నడిచి వచ్చి అడిగినవి.

సోమవారం మధ్యాహ్నం ఉరుకుందు భార్య భాగ్యమ్మ రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతూ, తల ఎత్తకుండానే చెప్పింది. కోసిగిలో ఉన్న వాళ్ళ అన్నలు సుగ్గికి పోతున్నారట. గుంటూరు పక్క మిరపకాయల కోతకు. గురువారం మూడు గంటలకు లారీ ఎమ్మిగనూరు మీదుగానే పోతుంది. ఇద్దరికి చోటు పెట్టమని చెప్పారట.

"నువ్వు పోవే, ఉరుకుందెందుకు?" అంది వసంత. అన్న తరువాత తన గొంతు తనకే బెదురుగా వినిపించింది.

"ఈడుండి ఏం జేస్తాడక్కా? మగ్గం మీదుండే పడుగు ఇంకొక్క చీరకు వస్తాది. అది ఎవరికని నేస్తాడు?"

భాగ్యమ్మ మాటలో కోపం లేదు. అదే వసంతను ఎక్కువ భయపెట్టింది. సుగ్గికి పోయిన నేతగాడు మళ్ళీ గుంటలో కూర్చోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. మిరప కోసిన వేళ్ళు పగుళ్ళు తేలి పోగును పట్టవు. మూడు నెలలు నిలబడి పనిచేసిన కాళ్ళు గుంటలో మడుచుకోవు. ఇదే వీధిలో మాదన్న అట్లాగే పోయి, ఇప్పుడు బెంగళూరులో ఇటుకలు మోస్తున్నాడు. ఉరుకుందు పోతే పన్నా తగ్గించి అంచు తిరగకట్టగలిగినవాడు ఈ ఇంట్లో ఉండడు. తిప్పేస్వామికి చూపు ఆనడం మానేసి రెండేళ్ళయింది.

మంగళవారం ఆమె ఆదోని బస్సెక్కింది.

నాగేంద్ర ఆఫీసు మార్కెట్ యార్డు దగ్గర, ఒక పత్తి మండీకి పైన ఉంది. మెట్ల మీద కూడా దూది పింజలు పేరుకుని ఉన్నాయి. లోపల చల్లగా, శుభ్రంగా ఉంది. అతను లేచి కుర్చీ వేశాడు, కింది నుంచి టీ తెప్పించాడు, మామ కళ్ళ గురించి అడిగాడు. మంచి పిల్లవాడు. అందుకే అడగడానికి వచ్చిన మాట వెంటనే అడగలేకపోయింది.

"నంబరు ఉండాదా నాయనా దాంట్లో?" అని చివరికి అడిగింది.

"ఉండాది అత్తా. ఇదో చూడు."

లాప్‌టాప్ తిప్పి చూపించాడు. పెద్ద తెర మీద, కుడి వైపున, సన్నటి బూడిదరంగు అక్షరాల్లో ఆమె నంబరు ఉంది. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కొక్క అంకె చదివింది. సరిగ్గానే ఉంది.

అప్పుడు నాగేంద్ర ఇంకొకటి తెరిచాడు. దేశపటం లాంటిది, దాని మీద ఆకుపచ్చ చుక్కలు. అది ఎవరెవరు ఏ ఊరి నుంచి వచ్చి చూశారో చెబుతుందట. జనం రాకపోవడం కాదు, బాగా వస్తున్నారు అన్నాడు. మామూలుగా ఏ వెబ్‌సైటులోనైనా జనం ఒక నిమిషం కూడా నిలవరట. వీళ్ళ దాంట్లో సగటున పన్నెండు నిమిషాలు ఉంటున్నారట. తన దగ్గర పని చేయించుకున్న పెద్ద పెద్ద బంగారు అంగళ్ళకు కూడా ఇంతసేపు లేదట.

"ఈ చుక్క చూడత్తా, మంత్రాలయం. ఒకే మనిషి. డిసెంబరు తొమ్మిది, పది, పదకొండు, మూడు దినాల్లో ఇరవై రెండు సార్లు వచ్చినారు. ఒకసారి నలభై ఏడు నిమిషాలు ఉన్నారు. ఎంత ఇష్టముంటే అట్లా సూస్తారు? ఇష్టపడినోళ్ళు ఈ పొద్దు కాకుంటే రేపు కొంటారు. నువ్వు భయపడొద్దు."

ఆమె ఆ ఆకుపచ్చ చుక్కను చూసింది. అది మెల్లగా పెద్దదవుతూ చిన్నదవుతూ ఊపిరి తీస్తున్నట్టు ఉంది. భయం తగ్గాల్సింది, తగ్గలేదు. అంత ఇష్టపడిన మనిషి ఒక్క మాట ఎందుకు మాట్లాడలేదని అడగాలనిపించింది. అడిగితే తన తెలివితక్కువతనం బయటపడుతుందేమో అనిపించింది. టీ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి వచ్చేసింది. బస్సులో దారి పొడుగునా చీర కొంగుకు అంటుకున్న దూది పింజలు ఒక్కటొక్కటే తీసి కిటికీలోంచి వదిలింది.

బుధవారం పొద్దెక్కిన తరువాత ఒక పెద్దాయన వీధి చివర నుంచి ప్రతి ఇంటి గడప దగ్గరా ఆగి అడుగుతూ వచ్చాడు. నుదుట గోపీచందనం, భుజం మీద ఉత్తరీయం, చేతిలో గుడ్డ సంచి. గడ్డం పెరిగి ఉంది. వసంత అరుగు మీద పీట వేసింది. ఇట్లాంటివాళ్ళు బయట నీళ్ళు తాగరని తెలుసు కాబట్టి రెండు అరటిపళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

తన పేరు నరహరి అని, మంత్రాలయంలో వేదపాఠశాలలో పాఠాలు చెప్పి మానుకున్నవాడినని చెప్పాడు. సంచిలోంచి ఒక పంచాంగం తీసి, దానిలో దాచిన చీటీ బయటికి తీశాడు. గళ్ళ చదరం ఉన్న చీటీ. బట్టకు కట్టి వచ్చిన చీటీని ఆ ఇంట్లో పంచాంగంలో పెట్టేవారట. ఉగాదికి పంచాంగం మారితే చీటీ కూడా కొత్తదాంట్లోకి మారేదట. పాత చీటీ, ఫోను నంబరు ఉన్నది, దసరా తరువాత పంచెల జత రాగానే తీసేసి ఇది పెట్టారట.

"ఇందిరాబాయి నా భార్య," అన్నాడు.

వసంత నోట వెంటనే వచ్చింది. "నాలుగడుగుల పది. పన్నా మూడు వేళ్ళు తక్కువ. ఎడమ అంచు గట్టిగా. అమ్మ బాగుండారా సామీ?"

ఆయన చీటీని మోకాలి మీద పెట్టుకుని, మడత పడిన మూలను వేలితో సాఫు చేశాడు. సాఫు చేయడం అయిపోయిన తరువాత కూడా చేస్తూనే ఉన్నాడు.

"పుష్యంలో పోయింది తల్లీ."

వెనక గదిలో మగ్గం ఆడుతూనే ఉంది.

మిగిలినదంతా ఆయన పాఠం చెప్పినట్టు, ఒక వరసలో చెప్పాడు. వచ్చే గురువారం మాసికం. ముత్తైదువకు చీర పెట్టాలి. అంగట్లో దొరికేది కాకుండా, ఇందిర కడసారి తెప్పించుకోవాలనుకున్న చీరే పెట్టాలని ఆయన కోరిక. తన ఆయుష్షు ఆమెకు తెలిసిపోయినట్టుంది, ఆస్పత్రిలో చేరే ముందు కొత్త మడిచీర ఒకటి కావాలంది. పాతది చిరిగింది. డిసెంబరు తొమ్మిదో తేదీ మొదలుపెట్టింది. మూడు రోజులు ప్రయత్నం చేసింది. పన్నెండో తేదీ కర్నూలు తీసుకుపోయారు.

తొమ్మిది, పది, పదకొండు. ఆకుపచ్చ చుక్క కళ్ళ ముందు పెద్దదవుతూ చిన్నదయింది.

"ఇది ఆమె ఫోనే. నువ్వే చూడు తల్లీ. తప్పు మాదేమో. మాకు సరిగా తెలీదు," అని సంచిలోంచి ఫోను తీసి ఇచ్చాడు. అద్దం మూల పగిలిన మామూలు ఫోను.

ఆమె ఎప్పుడూ ఆ వెబ్‌సైటును చేతి ఫోనులో చూడలేదు. ఆమెది మీటల ఫోను, భర్త ఫోనులో తెరిచి చూడాలని తోచలేదు. విజయదశమి నాడు చూసింది, నిన్న చూసింది, రెండుసార్లూ పెద్ద తెర మీదే. చదరానికి ఎదురుగా పట్టింది. తెల్లటి పోగులు వచ్చాయి. ఊగుతూ, ఆగుతూ, మళ్ళీ మొదటి నుంచి ఊగుతూ వచ్చాయి. చాలాసేపటికి అంగడి పేరయింది. కిందికి జరపబోతే ఒక డబ్బా అడ్డం వచ్చి ఈమెయిలు అడిగింది. దాన్ని మూసే గుర్తు కనపడక వేలితో అంతా తడిమింది. ఎట్లాగో పోయింది. ఫోనులోంచి మగ్గం చప్పుడు మొదలైంది, వెనక గదిలోదీ చేతిలోదీ కలిసి ఏది ఏదో తెలియలేదు. రంగుల చక్రం ఒకటి తిరుగుతూ వచ్చి, బహుమతి కోసం తిప్పమంది. తిప్పితే ఇంకో పేజీలో పడింది. వెనక్కి వస్తే పోగులు మళ్ళీ మొదటి నుంచి ఊగాయి. ఎక్కడా ఎత్తెంత అని అడగలేదు. కట్టుకునేది ఎవరని అడగలేదు. కుడి వైపున నంబరు కోసం చూస్తే, ఆ చిన్న తెరకు కుడి వైపే లేదు. అన్నిటికన్నా అడుగుకు పోతే ఉంటుందేమోనని జరుపుతూ పోయింది. అడుగు వచ్చే లోపల, వెబ్‌సైటు కోసం నాగేంద్ర తీసిన సినిమా ఒకటి మొదలైంది.

అందులో తనే ఉంది. రాట్నం ముందు కూర్చుని, తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని, నవ్వుతూ.

"మొదటి దినం అది చూసి ఎంత సంతోషపడిందో," అన్నాడు నరహరి. "'ఈమేనండీ వసంతమ్మ, పద్దెనిమిదేళ్ళుగా గొంతు తప్ప మనిషిని ఎరగను' అని నన్ను పిలిచి చూపించింది. మూడో దినం ఫోను పక్కన పెట్టేసి, 'కనపడతా ఉంది, పిలిస్తే పలకదు' అంది. అంతే."

వసంత ఫోను కిందికి దింపింది. అంగట్లో గోడ గడియారం వైపు చూసింది. ఆయన ఫోను ఇచ్చినప్పుడు పదీ ముప్పై. ఇప్పుడు పదీ నలభై రెండు. పన్నెండు నిమిషాలు.

పటం మీద చుక్కలన్నీ ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. రాయచూరు, బళ్ళారి, నంద్యాల, ఆదోనిలోనే తొమ్మిది. అవి ఇష్టపడి కూర్చున్నవాళ్ళు కారు. పిలుస్తున్నవాళ్ళు. ఇరవై రెండు సార్లు, నలభై ఏడు నిమిషాలు, ఒక ముసలామె పీట మీద కూర్చుని తన ముఖం చూస్తూ తనను పిలిచింది. తాను నవ్వుతూ నూలు చుట్టింది.

ఆమెకు ఏడుపు రాలేదు. వస్తే ఎదుట ఉన్న మనిషికి దాన్ని కూడా మోయించినట్టవుతుంది. ముత్తైదువ ఎవరు, ఎత్తెంత అని మాత్రం అడిగింది, అలవాటుగా.

"ఇందిర కొలతకే నెయ్యండి," అన్నాడాయన. "పొట్టి ముత్తైదువను నేను వెతుక్కుంటాను" అన్నాడు. నవ్వే ప్రయత్నం చేసి మానుకున్నాడు. పళ్ళు సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు.

నాగేంద్రకు ఫోను చేసింది. కోపం తెచ్చుకోలేదు. ఆ మంత్రాలయం మనిషి ఎవరో చెప్పింది, ఏమైందో చెప్పింది. అవతల నుంచి పత్తి మండీ హమాలీల కేకలు వినపడ్డాయి.

"నేను పెద్ద తెరలోనే సూసినా అత్తా," అన్నాడు చివరికి. "పోగులు ఎంత బాగా కదులుతాండాయో, అదే సూసినా."

పోగులు తీసెయ్యమంది. సినిమా తీసెయ్యమంది. తెరిచిన వెంటనే అంగడి పేరు, తన పేరు, నంబరు, వేలు పెడితే నేరుగా మోగేటట్టు. కట్టుకునేది ఎవరు, ఎత్తెంత అని రెండు మాటలు. అంతే ఉండాలంది. అతను సరే అన్నాడు. ఫోను పెట్టేశాక ఆమె కట్ట కట్టి ఉన్న కొత్త చీటీలు ముందేసుకుని, ఒక్కొక్క దాని వెనక నంబరు పెన్నుతో రాయడం మొదలుపెట్టింది.

గురువారం పొద్దున్నే భాగ్యమ్మ మూటలు రెండు గడప దగ్గర పెట్టింది. వసంత మగ్గాల గదిలోకి పోయి నిలబడింది. ఏ ముఖం పెట్టుకుని అడగాలో తెలియలేదు. ఒక్క చీర కోసం ఉండిపోతే లారీ పోతుంది, ఆ తరువాత చేతిలో ఇంకే బేరమూ లేదు. అయినా అడిగింది. ఆ చీర ఎవరి కోసమో, ఎందుకో చెప్పింది.

ఉరుకుందు గుంటలోంచి కాళ్ళు తీయకుండా విన్నాడు. పన్నా తగ్గించి అంచు మళ్ళీ కట్టాలంటే పోగులు తీసి సగం దినం పని. అతను పోగులు దూర్చిన దువ్వెన లాంటి అచ్చు మీద మూడు వేళ్ళు ఆనించి చూశాడు.

"ఎడమంచు గట్టిగా గదా వదినా ఆయమ్మకు," అన్నాడు. "పద్దెనిమిదేండ్లు నేసినా. పేరు ఈ పొద్దు తెలిసె."

మూడు గంటలకు ఒక మూటే లారీ ఎక్కింది. భాగ్యమ్మ ముఖం తిప్పుకుని కూర్చుంది. వారం తరువాత నేనూ వస్తానని ఉరుకుందు కింద నిలబడి చెప్పాడు. లారీ కదిలాక లేచిన దుమ్ముకు తుమ్ముకుంటూ వెనక్కి వచ్చి గుంటలో దిగాడు.

ఆరు రోజులు మగ్గం ఆడింది. ఆ ఆరు రోజుల్లో ఫోను మోగలేదు. వెబ్‌సైటు మార్చానని నాగేంద్ర తిప్పేస్వామి ఫోనుకు మెసేజి పెట్టాడు. తెరిచి చూశారు. తెల్ల కాగితం లాగా ఉంది. తన పేరు, నంబరు, రెండు మాటలు. వదిలేసి పోయినవాళ్ళు మళ్ళీ వచ్చి చూస్తారా అని తిప్పేస్వామి అడగలేదు. తలుపు కొట్టి కొట్టి విసిగి వెళ్ళిపోయినవాళ్ళకు, ఇప్పుడు తెరిచామని ఎవరు పోయి చెబుతారు?

బుధవారం మధ్యాహ్నం చీర నేత పూర్తయింది. చివర బెత్తెడు పోగులు నేయకుండా వదిలి, మగ్గం నుంచి దించాడు ఉరుకుందు. వసంత ఆ వదిలిన పోగులకు చీటీ కట్టింది. అతను అచ్చును దించి, తుడిచి, పాత పంచెలో చుట్టడం మొదలుపెట్టాడు. పొద్దున గుంటూరు బస్సు. ఇక ఆ గదిలో మూడో దుప్పటి కప్పాలి. దుప్పటి ఎక్కడుందో ఆమెకు తెలుసు. తీసుకురావడానికి పోలేదు.

అప్పుడు ఫోను మోగింది.

ఆమె గూటి దగ్గరికి పోయింది గాని తీయలేదు. ఇన్నాళ్ళూ మోగడం లేదని భయపడింది. ఇప్పుడు తీస్తే ఏం వినాలో అని భయం. నాలుగోసారి మోగినప్పుడు తీసింది. మగవాడి గొంతు, రాయచూరు యాస. వసంతమ్మేనా అని అడిగాడు. దీపావళి నుంచి ప్రయత్నిస్తున్నామని, ఈ పొద్దే చీటీ చదరంలో నంబరు కనపడిందని అన్నాడు. మా అమ్మ చీర గురించి అన్నాడు. పేరు అంజనమ్మ.

అయిదడుగుల మూడు, ఎర్రంచు. ఆమె నాలుక చివరనే ఉంది. పైకి అనలేకపోయింది.

"అమ్మ," అంది. "అమ్మ బాగుండాదా అన్నా?"

అవతల ఎవరో నడుస్తున్నట్టు, తలుపేదో తీసినట్టు వినిపించింది. వెనక గదిలో ఉరుకుందు సగం చుట్టిన అచ్చును చేతుల్లో అట్లాగే పట్టుకుని గుమ్మం వైపు చూస్తున్నాడు.

"యాడికి పోయినావు తల్లీ ఇన్నాళ్ళు," అంది ఒక ముసలి గొంతు, విసుగ్గా, చెవి పగిలేటట్టు. "పిలిచి పిలిచి నోరు నొచ్చె. రాసుకో. కొంచెం కుంగినాను, పోయినసారి కంటే రెండు వేళ్ళు తగ్గించు."

వసంత గోడకు ఆనుకుంది. చేతికి చీటీ అందలేదు. గుమ్మం వైపు తిరిగి, రెండు వేళ్ళు ఎత్తి చూపింది.

ఉరుకుందు ఆ వేళ్ళను చూశాడు. పంచె మడత విప్పి, అచ్చును తీసి, మళ్ళీ మగ్గానికి తగిలించాడు.